గొడుగావిడ వంతు

మా పెదనాన్న కంప్యూటర్లో పేకాడేటప్పుడు కూడా ఎదుటివాళ్ళకి మర్యాద తప్పడు. ఎదుటివాళ్ళంటే మనుషులు కాదు, తెర మీది బొమ్మలు: గడ్డంవాడు, టోపీవాడు, గొడుగావిడ. రమ్మీలో షో చూపించేముందు "ఏమీ అనుకోకండి" అంటాడు. గెలిస్తే క్షమాపణ చెప్పుకుంటాడు, ఓడితే లేచి నిలబడి మెచ్చుకుంటాడు.

"బొమ్మలకి చెవులుంటాయా పెదనాన్నా?"

"నోర్ముయ్. ఆవిడ ఆలోచించుకుంటోంది" అని నన్ను కసిరి, తెరకేసి తిరిగి గొంతు పెంచేవాడు. "తొందరేం లేదండీ! నిదానంగా వెయ్యండి!"

నిజం చెప్పొద్దూ, నాకు ఆ గొడుగావిడంటే భయం. మిగతా ఇద్దరూ టకటకా ముక్కలు పడేసేవారు. ఈవిడ వంతు రాగానే ఆట బిగుసుకుపోయేది. ఓడిందంటే ఎక్కణ్ణించో సన్నగా నిట్టూర్పు వినపడేది. కంప్యూటర్‌కి స్పీకర్లు లేవు. అవతలి గదిలో పెద్దమ్మ తప్ప ఇంట్లో ఎవరూ లేరు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక, జాలిచూపులు పడలేనంటూ ఆవిడ ఎవరికీ కనపడటం మానేసింది. నన్ను కూడా గుమ్మంలోంచే పంపేసేది.

ఒక మధ్యాహ్నం పెదనాన్న టీ పెట్టడానికి వెళ్తే, ఆయన కుర్చీలో కూర్చుని నేనో ముక్క పారేశాను. అది జోకర్. పేకాటలో నా తెలివి అంత.

గొడుగావిడ కదల్లేదు. తెర అడుగున ఒక్కో అక్షరమే పేరుకుంటూ వచ్చింది: "ఇది ఆయన వేసే ముక్క కాదు. ఎవరు నువ్వు?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గోడ అవతల కుర్చీ కిర్రుమంది. వెళ్ళి పెద్దమ్మ గది తలుపు సందులోంచి చూశాను. చీకటి గదిలో, ఒళ్ళోని కంప్యూటర్ వెలుగులో పెద్దమ్మ ముఖం నీలంగా ఉంది. ఎడంచేత్తో మీటలు వెతుక్కుంటోంది.

వెనకనించి ఎవరో నా భుజం పట్టుకున్నారు. కెవ్వుమనబోయాను. పెదనాన్నే.

"చూశావన్నమాట" అన్నాడు గుసగుసగా. "వాళ్ళ తమ్ముడి చేత ఆ కంప్యూటర్ రహస్యంగా పెట్టించుకుని, గొడుగావిడ బొమ్మతో ఆటలో చేరింది. నేను మొదటి ఆటలోనే పోల్చుకున్నాను. ఆ మొండితనం మిషన్లకెక్కడిది? నాకు తెలుసని తెలిస్తే ఇదీ మానేస్తుంది. ఈ ఒక్క ఆటే మిగిలిందిరా దానికి. నోరు జారకు."

ఆయన కళ్ళలోకి చూసి తలూపాను.

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చోగానే, తలుపు సందులోంచి పెద్దమ్మ చెయ్యి నన్ను రమ్మంది. వెళ్ళాను. ఎన్నాళ్ళకో లోపలికి రానిచ్చింది.

"జోకర్ పారేసిన వెధవ్వి నువ్వేనా?" అంది, మాట కాస్త ముద్దగా. "ఆయన చెప్పిందంతా విన్నాన్లే. ఆయనకి తెలుసని నాకెప్పుడో తెలుసు."

"మరి చెప్పెయ్యొచ్చుగా పెద్దమ్మా?"

"చెప్తే ఇంకేమైనా ఉందా! పెళ్ళయిన దగ్గర్నించీ 'ఏమే' తప్ప ఇంకో పిలుపెరగను. ఇప్పుడు నోరు తెరిస్తే అండీ, అండీ! నువ్వు చెడగొట్టావంటే చంపేస్తాను."

గోడ అవతలనించి గొంతు వినపడింది. "మీ వంతేనండీ! మేం ఇక్కడే కూర్చుని ఉన్నాం!"

వెయ్యాల్సిన ముక్క మీద పెద్దమ్మ వేలు అప్పటికే ఆని ఉంది. అయినా నొక్కలేదు. ఇంకోసారి పిలిపించుకుంది.