నూరో చీటీ

తప్పు ఎందుకొచ్చిందో తెలిసేదాకా దేవసహాయానికి ముద్ద దిగదు. 1979లో పటాన్‌చెరు దగ్గరి పరిశోధన క్షేత్రంలో, జొన్న మడులకు పేర్ల చీటీలు అచ్చువేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడు. ప్రతి నూరో చీటీ రెండుసార్లు వస్తోంది. నూరోదే ఎందుకు?

వాన పడి నేలకు విత్తే పదును వచ్చింది. చీటీ లేనిదే ఏ మడిలోనూ గింజ వెయ్యరు. అయినా తప్పు దొరికేదాకా చీటీలు ఇవ్వనన్నాడు.

కూలీల మేస్త్రి ఏసమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"రెండొస్తే ఒకటి పారేస్తం. పదును ఆరిపోతే యాడికెళ్లి తెస్తరు సారూ?"

చీటీల కట్ట తీసి ఆమెకు ఇచ్చేశాడు.

పదోనాడు కారణం దొరికింది. ఏసమ్మకు చెబుదామని మడిలోకి పరుగెత్తాడు.

"జెర కాలు సూసి పెట్టున్రి సారూ," అందామె. "మొలకలున్నయ్."