బొంతతో కుట్టిన చేతి తొడుగులు

బొంత పై పొర విప్పగానే చచ్చిన బొద్దింకలు రాలాయి. దాని కింద ఎలుక పెట్టిన గూడు, ఎండి అట్టకట్టి ఉంది. నేను చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. పెద్దమ్మ వట్టి చేత్తోనే అదంతా ఊడ్చి పారేసి, "సూడు పిల్లా, లోపల గుడ్డ ఇంకా స్ట్రాంగ్" అంది.

ఆవిడ మా ఇంటి ఓనరు; చుట్టరికం ఏమీ లేకపోయినా పెద్దమ్మ అనేదాన్ని. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లకే కాక అందరికీ ఓటు వచ్చిన మరుసటి ఏడు మా ఆయనకి డర్బన్‌లో లెక్కల మాస్టరు ఉద్యోగం దొరికితే వచ్చి, రెడ్‌హిల్‌లో ఆవిడ ఇంటి వెనక గదుల్లో అద్దెకు దిగాం. ఆవిడ ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. ఆవిడ నోట తెలుగు తిట్లకీ, కూరలకీ, చుట్టరికాలకీ మాత్రమే మిగిలింది. నాతో మాట్లాడటానికి దాన్నే ఎలాగో సాగదీసేది. బట్టల ఫ్యాక్టరీలో ముసలితనం దాకా కుట్టింది. పైదేశాల సరుకు చవగ్గా దిగడం మొదలయ్యాక ఫ్యాక్టరీ మూతపడితే, కుట్టు మిషనుతో ఇంట్లో కూర్చుంది.

ఆ బొంత వాళ్లమ్మది. పైన నూలు చీరలు, మధ్యలో కంబళి, లోపల మొక్కజొన్న పిండి సంచులు. ఆ తల్లి పక్షవాతంతో మంచాన పడి, దాని మీదే మలమూత్రాలన్నీ కానిచ్చి, దాని మీదే పోయింది. మా గోదావరి వైపు పోయినవాళ్ల పడక గుడ్డలు గడప లోపల ఉంచరు. ఇక్కడేమో దాని కోసం తోబుట్టువులు ముగ్గురూ మాటలు మానుకున్నారు. పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఉండే తమ్ముడు నాకే కావాలన్నాడు. గ్రీన్‌వుడ్ పార్క్‌లో ఉండే చెల్లెలు అమ్మ నాకే ఇస్తానందని ఏడ్చింది. చివరికి పెద్దమ్మ కత్తెర తీసింది.

"అందరికీ కావాల కదా? అందరికీ ఇస్తా. క్రిస్మస్‌కి ప్రెజెంటు."

వేడి గిన్నెలు పట్టుకునే చేతి తొడుగులు కుడుతుందట. వంటింట్లోకి! ముక్కలన్నీ స్నానాల తొట్టెలో నానబెట్టి, పిండటానికి నన్ను పిలిచింది. ఇంటావిడ పిలిస్తే కాదనలేకపోయాను. నీళ్లు చిక్కటి టీలా మారాయి. పైన నూనె తెట్టు కట్టింది. కర్పూరం, నొప్పుల మందు, వాటన్నిటి కిందినుంచి పాత ఉచ్చ కంపు వేడి ఆవిరితో పాటు లేచింది. గుడ్డ నా వేళ్ల మధ్య జిగటగా జారింది. నేను పెరట్లోకి పరిగెత్తి, పొద్దున తిన్నదంతా కక్కేశాను.

పెద్దమ్మ వెనకే వచ్చి వీపు నిమిరింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"ఏటి పిల్లా, బేబీ ఉందా?"

"లేదు పెద్దమ్మా. ఆ కంపుకి."

"సిగ్గు పడకు. నాకు తెలుసు" అని నవ్వింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది.

తొడుగులు కుట్టడం మాత్రం అద్భుతంగా కుట్టింది. ఆ ఏడు ఎక్కడ చూసినా దొరికే, ఆ దేశపు కొత్త జెండా రంగుల పట్టీ తెచ్చి అంచులు వేసింది. చూస్తే ముద్దొచ్చేవి. దగ్గరికి తీసుకుంటే మాత్రం అదే కంపు, సబ్బు వాసన కిందినుంచి.

పండగనాడు డ్రైవరుతో అద్దె కారు మాట్లాడి, మమ్మల్ని కూడా ఎక్కించుకుని పోర్ట్ షెప్‌స్టోన్ తీసుకెళ్లింది. చెల్లెలు కూడా అక్కడికే వచ్చింది. తమ్ముడి పెరట్లో బొగ్గుల మీద మాంసం కాలుతోంది. పెద్దమ్మ రంగు కాగితాల్లో చుట్టిన తొడుగులు తలో జతా పంచింది. తమ్ముడు విప్పి చూసి, ముందు గుర్తుపట్టలేదు.

"అమ్మ బొంత" అంది పెద్దమ్మ.

"కట్ చేసినావా అక్కా?" అని ముక్కు దగ్గర పెట్టుకుని, చప్పున దూరంగా పట్టుకున్నాడు. ఆయన భార్య రెండు వేళ్లతో అందుకుని, "యక్! ఇది నా కిచెన్‌లోకి రాదు" అని బొగ్గుల పక్కన బూడిదలోకి విసిరేసింది. అమ్మ నాకే ఇస్తానందన్న చెల్లెలు తన జతని బల్ల మీద వదిలేసి, చేతులు కడుక్కోవడానికి లేచింది, అదీ అక్క కళ్లముందే.

పెద్దమ్మ బూడిదలోంచి తొడుగులు ఏరి, దులిపి, వాటితోనే బిర్యానీ గిన్నె మూత ఎత్తింది. గుడ్డ అంచు అన్నానికి తగలడం నేను చూశాను. "నువ్వు ఇద్దరికి తినాల" అంటూ తమ్ముడి భార్య నా పళ్లెం నింపింది. ఆ గుడ్డ తాకిన అన్నాన్ని, ఆ గుడ్డని విసిరేసిన చేతులే వడ్డించాయి. బొంత ఎంత కంపు కొట్టినా, ఇంతకాలం దాని కోసం కొట్టుకుని ఇప్పుడు చేతులు దులుపుకుంటున్న ఆ తమ్ముడినీ చెల్లెలినీ చూస్తే అంతకంటే రోత పుట్టింది. పళ్లెం అలాగే వదిలేసి లేచాను.

తిరుగు దారిలో పెద్దమ్మ సంచిలోంచి ఒక జత తీసి నా ఒళ్లో పెట్టింది. "ఇది నీకు."

"నాకొద్దు పెద్దమ్మా. పోయినావిడ పడక గుడ్డ. ఆ కంపు నేను పడలేను."

మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు.

"అమ్మ కంపే కొట్టేది పిల్లా. నాను తుడిచినాను కదా, నాకు తెలీదా?" అని పెద్దమ్మ తొడుగులు తీసుకుని సంచిలో వేసుకుంది.

వాళ్లు వదిలేసినవీ, నేను కాదన్నవీ అన్నీ ఆవిడ వంటింట్లోనే వాడింది. మేం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆదివారం ఆదివారం ఆ తొడుగులతోనే వేడి రొట్టెలు పట్టుకొచ్చి ఇచ్చేది. మా ఆయన వాటిని ఇష్టంగా తినేవాడు. నేను మాత్రం ఒక్కటీ ముట్టలేదు.