హడావుడి మేడం కారుకు పట్టిన జబ్బు

కారు నడపడం నేర్పే ఆవిడని ఆ పేటలో అందరూ హడావుడి మేడం అంటారు. ఎదుట అనరు గానీ ఆవిడకి తెలుసు. పేరు పెట్టినవాళ్లని తప్పుపట్టడానికీ లేదు. ఆవిడ కుదురుగా కూర్చుని అన్నం తినగా చూసినవాళ్లు లేరు. ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో ఫోను, చూపు కిటికీలోంచి కింద నిలబెట్టిన కారు మీద. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేక మెట్లెక్కేసి, పైకొచ్చాక తనకంటే ముందే వచ్చి నిలబడ్డ లిఫ్టుని తిట్టే రకం. భర్తకి కళ్లజోళ్ల దుకాణం. ఆయన ఒక బుల్లి స్క్రూ బిగించేలోపు ఈవిడ రెండు వీధులు తిరిగొచ్చేస్తుంది. వీళ్లిద్దరికీ ఎలా కుదిరిందో ఆ కుదిర్చినవాళ్లనే అడగాలి.

అలాంటి మనిషి ఆ మధ్య మరీ కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. కారణం ఆ కారే.

నేర్పే కారు కాబట్టి దానికి పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారుపడితే మేడం ఆపేయడానికి. ఆ కారులో నేర్చుకున్నవాళ్లు ఒకప్పుడు మొదటిసారికే లైసెన్సు పట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. ఈమధ్య వరసపెట్టి తప్పుతున్నారు. మేడం పక్కన ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా నడుపుతారు. పరీక్ష రోజున ఆవిడ దిగి, ఆ సీట్లో పరీక్షాధికారి కూర్చోగానే ఏదో అయిపోతుంది. తిరిగొచ్చి అందరూ ఒకటే మాట చెబుతారు, కారు పరిగెత్తిందని.

ఎవరో ఒకరు చెబితే సాకు అనుకోవచ్చు. మేడం కూడా అలాగే అనుకుంది, కొందరి మొహం మీదే "నీకిది అబ్బదులే" అనేసింది. కానీ సొంత చెల్లెలు రెండుసార్లు తప్పి అదే మాట అనేసరికి ఆవిడకి గుండెల్లో రాయి పడింది.

ఆ చెల్లెలంటే మామూలు చెల్లెలు కాదు. అమ్మ పోయాక జడలు వేసి, బడికి పంపి, నర్సు చదువు చెప్పించింది ఈవిడే. ఇప్పుడా పిల్లకి ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్లకి కట్లు మార్చే ఉద్యోగం చేతిదాకా వచ్చింది. కారు వాళ్లే ఇస్తారు, లైసెన్సు మాత్రం ఉండాలి. మూడో పరీక్ష శుక్రవారం. అప్పుడు కూడా తప్పితే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని వాళ్లు మర్యాదగానే చెప్పారు.

"నేనలా కాలు ఆనించానో లేదో, అది దూకిందక్కా. అసలిది మన కారేనా అనిపించింది" అంది చెల్లెలు, కళ్లు తుడుచుకుంటూ.

"మన కారే. నీ కాలే కుదురుగా ఉండదు" అంది అక్క. అని, ఆ రాత్రంతా కారుకి ఏమైందో అని పక్క మీద దొర్లింది.

కారుకి జబ్బు చేసింది. అంతవరకూ ఆవిడకి అనుమానం లేదు. ఎక్కడ చూపించాలన్నదే తెగలేదు. కొన్న షోరూమువాళ్ల సర్వీసు సెంటరు ఒకటుంది. ఊరి నిండా ఒకే రంగు బోర్డులతో వెలిసిన బ్రాంచీల గ్యారేజీ ఇంకొకటుంది.

"కొన్నచోటికే తీసుకెళ్లు. దాని పుట్టుపూర్వోత్తరాలు వాళ్లకే తెలుస్తాయి. పైగా బయటివాళ్లు విప్పితే గ్యారంటీ పోతుందంటారు" అన్నాడు భర్త, ఎవరిదో కళ్లజోడు తుడుస్తూ.

"షోరూమువాళ్లు కారు లోపలికి తోసుకుని తలుపేసుకుంటారు బావా. అక్కకి తలుపవతల కూర్చునే ఓపిక ఉందా? గ్యారేజీలో అయితే అద్దంలోంచి అంతా కనిపిస్తుంది" అంది చెల్లెలు.

ఇద్దరి మాటా ఆవిడకి నచ్చింది. అదే చిక్కు. సోమవారం పొద్దున్న గ్యారేజీకని బయల్దేరి, సగం దారిలో మనసు మారి షోరూముకి పోయింది.

షోరూములో టై కట్టుకున్న సలహాదారు ఎదురొచ్చి, కూర్చోండి మేడం, కాఫీ తాగండి మేడం అన్నాడు. మేడం కూర్చోలేదు. కాఫీ కప్పు పట్టుకుని ఆ హాలంతా కొలిచినట్టు తిరిగింది. సోఫాలో పేపరు చదువుతున్న పెద్దమనిషి, ఆవిడ ఎదురుగా వచ్చినప్పుడల్లా కాళ్లు ముడుచుకోవాల్సి వచ్చి, చివరికి పేపరు తీసుకుని వేరే మూలకి పోయాడు. కారుని ఓసారి నడిపి చూస్తామంటే, "నేనూ వస్తా, నా కారు నేను లేకుండా ఎలా పోతుంది?" అని ముందే వెళ్లి తను రోజూ కూర్చునే పక్కసీట్లో కూర్చుంది.

సలహాదారు నడిపాడు. రెండు మలుపులు తిరిగి మొహం చిట్లించాడు. "బండి బరువుగా ఉంది మేడం. బ్రేకు ఎక్కడో పట్టేస్తున్నట్టుంది."

"పరిగెడుతోంది మొర్రో అని నేను మొత్తుకుంటుంటే, కదలట్లేదంటారేంటి మీరు?"

పాపం, అతను కారు వెనక్కి తిప్పాడు. చక్రాలు విప్పించి చూపించాడు. బ్రేకు ప్యాడ్లు అరిగి పల్చబడ్డాయి. మొన్నీమధ్యనే మార్చినవి అంత తొందరగా ఎందుకరిగాయో అతనికి అర్థం కాలేదు. మళ్లీ కొత్తవి వేయించి, అరుగుదలకి కారణం నడిపే అలవాటు కావచ్చని మెల్లగా అన్నాడు. అనకుండా ఉండాల్సింది. మేడం అగ్గిమీద గుగ్గిలమైంది.

"నాకా మీరు అలవాట్లు చెప్పేది? ఈ ఊళ్లో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందాన్ని!"

మర్నాడు గ్యారేజీకి పట్టుకెళ్లింది. అక్కడ నియమం వేరు. కారు నడిపి చూసేటప్పుడు కారుగలవాళ్లు ఎక్కకూడదట, ఇన్సూరెన్సువాళ్లు ఒప్పుకోరట. ఎంత వాదించినా మేస్త్రి వినలేదు. ఒక్కడే తీసుకెళ్లాడు. మేడం అద్దాల గది ఇవతల నిలబడి, తన కారు తను లేకుండా వీధి మలుపు తిరగడం చూసింది. అలా చూడడం అదే మొదటిసారి. అతను తిరిగొచ్చేదాకా ఆవిడ ఊపిరి ఆవిడ దగ్గర లేదు.

"జబ్బా? దీనికా?" అన్నాడు మేస్త్రి తాళాలు చేతిలో పెట్టి. "వెన్నలా పోతోంది మేడం. కాలు ఆనిస్తే చాలు అందుకుంటోంది. కొత్త బండి కూడా ఇలా ఉండదు."

అంటే, ఒకరు బరువన్నారు, ఒకరు తేలికన్నారు. షోరూమువాడు లేని జబ్బు అంటగడుతున్నాడని, గ్యారేజీవాడు ఉన్న జబ్బు చూడలేకపోతున్నాడని ఆవిడ తేల్చేసింది. మర్నాటికి అది తిరగబడింది. షోరూమువాడు పాపం నిజమే చెప్పి ఉంటాడు, గ్యారేజీవాడే వదిలించుకున్నాడు అనుకుంది. మధ్యాహ్నానికి ఇద్దరూ దొంగలే అయ్యారు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి ఈ వారం క్లాసులు లేవని ఫోన్లు చేసింది. దుకాణానికి వెళ్లి భర్త ముందు నిలబడి మొదట్నుంచీ అంతా చెప్పింది, ఇంటికొచ్చి మళ్లీ ఫోనులో అదే చెప్పింది.

"రెండు చోట్లా చూపించావు కదే, ఇంకా ఏమిటి?" అన్నాడాయన.

"రెండు చోట్లా చూపించాను కాబట్టే కదండీ ఈ గోల!"

గురువారం వచ్చింది. తెల్లారితే పరీక్ష. ఆఖరి క్లాసని పేరుపెట్టి చెల్లెల్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్కన తను కూర్చుని బయల్దేరింది. నిజానికి తాడోపేడో తేల్చుకోవడానికి పోతోంది. ఎవరితో తేల్చుకోవాలో తెలియదు, అంతే. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎడమకి పోతే షోరూము, కుడికి పోతే గ్యారేజీ.

"ఎటక్కా?"

"కుడికి. కాదు, ఎడమకి. ఉండుండు, ముందు పక్కకి తీసి ఆపు."

చెల్లెలు పక్కకి తీసి, చేతిబ్రేకు లాగి, తల స్టీరింగుకి ఆనించుకుంది. అప్పుడే ఎవరో కిటికీ అద్దం మీద టకటకా కొట్టారు. వీపున పెద్ద సంచీ తగిలించుకున్న పార్సిళ్లతను, బైకు మీదే కూర్చుని.

"ఏమనుకోకండక్కా, మీ వెనక బ్రేకు లైట్లు ఆరట్లేదు. పెద్ద రోడ్డు నుంచీ మీ వెనకే వస్తున్నాను. ఇప్పుడాగుతారా, ఇప్పుడాగుతారా అని నా ప్రాణం పోయింది."

"చూశావా! ఇదీ జబ్బు!" అని మేడం ఒక్క గెంతులో దిగి వెనక్కి పరిగెత్తింది. లైట్లు ఆరిపోయి ఉన్నాయి. "ఆరాయిగా?" అని వచ్చి కూర్చుంది. "వెలిగాయక్కా!" అని అరిచాడతను. దిగింది. "ఆరాయి!" కూర్చుంది. "వెలిగాయి!"

పార్సిళ్లతనికి నవ్వాగలేదు. "స్విచ్చు మీరేనక్కా" అనేసి, ఆలస్యమవుతోందని బైకు తిప్పుకుని వెళ్లిపోయాడు.

మేడం కిందికి చూసింది. ఆవిడ కుడికాలు రెండో బ్రేకు మీద ఉంది. తొక్కడం లేదు, ఊరికే ఆనుకుని ఉంది, అది తన ఇల్లే అయినట్టు. కాలు తీసి పక్కన పెట్టుకుంది. మళ్లీ చూసేసరికి అక్కడే ఉంది.

షోరూమువాడు నిజమే చెప్పాడు, పక్కన ఈవిడ కూర్చుంది కాబట్టి. గ్యారేజీవాడూ నిజమే చెప్పాడు, ఈవిడ లేదు కాబట్టి. పరీక్షలో తప్పినవాళ్లందరూ కూడా నిజమే చెప్పారు. కారుని పట్టి ఉంచే కాలు పక్కన లేకపోతే అది పరిగెత్తక ఏం చేస్తుంది?

చెల్లెలికి కూడా అర్థమైంది. మెల్లగా అంది. "అంటే నేనింతవరకూ కారు నడపనే లేదన్నమాట."

"అది కాదే..."

"నువ్వు పట్టుకుంటే పోయింది, నేను పోనిస్తున్నా అనుకున్నా. రెండుసార్లు తప్పాను. నేనెందుకూ పనికిరాననుకుని నీ ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చాను. నువ్వేమో నా తల నిమిరావు."

హడావుడి మేడం కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. చివరికి చెప్పుకుంది. కొన్నాళ్ల కిందట వానపడుతున్న ఒక రోజు బస్టాపు దగ్గర, నేర్చుకుంటున్నాయన బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కాడు. ఈవిడ ఆపింది. గొడుగేసుకుని రోడ్డు దాటుతున్న ముసలావిడకి కారు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు, తన దారిన తను పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. భయం మాత్రం మేడం కాల్లోకి దిగిపోయింది, అది ఆవిడకే తెలియలేదు.

చెల్లెలు విని, కోపం తగ్గకుండానే చేతిబ్రేకు దించింది. ఎడమకీ పోలేదు, కుడికీ పోలేదు. పాత గోదాముల వెనకున్న ఖాళీ స్థలానికి పోనిచ్చింది.

మర్నాడు ఆ పిల్ల పరీక్ష పాసైంది. ఆ ముక్క ఇక్కడే చెప్పేస్తే సరి, దాచిపెట్టి ఎవరినీ ఏడిపించడం దేనికి. మేడం అటు షోరూముకీ ఇటు గ్యారేజీకీ కూడా వెళ్లి క్షమించమంది, కూర్చుని మరీ. సర్వీసుకి మాత్రం గ్యారేజీనే ఖాయం చేసుకుంది, తనని ఎక్కనివ్వరని. తప్పినవాళ్లకి ఫోన్లు చేసి మళ్లీ రమ్మంది. కొందరొచ్చారు, ఒకాయన మాట పూర్తికాకుండానే పెట్టేశాడు. అదీ ఆవిడకి తగిందే. కానీ ఇదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం గోదాముల వెనక ఆవిడకి ఇవేవీ తెలియవు. తెల్లారితే పరీక్ష, చెల్లెలికి కారు నడపడం రాదు, అంతే తెలుసు.

మేడం పక్కసీటు మీద కాళ్లు మడిచి బాసింపట్టు వేసుక్కూర్చుంది. కారు ఒక్కసారిగా దూకింది. చెల్లెలు కెవ్వుమంది, బ్రేకు గట్టిగా తొక్కింది, ఇద్దరి తలలూ ముందుకి ఊగాయి. మళ్లీ. ఇంకోసారి. గోడ దగ్గర పడుతుంటే మేడం కాలివేళ్లు వాటంతటవే బిగుసుకునేవి. చీర కుచ్చిళ్ల కింద ఆ పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది.

కాసేపటికి చెల్లెలు కారాపింది. "అక్కా, దిగు."

"ఎందుకు? కాళ్లు పైనే పెట్టుకున్నానుగా!"

"కాలు పైనే ఉంది. ఊపిరి వినిపిస్తోంది. మలుపొస్తే బిగబడుతున్నావు, అది విని నేను బ్రేకు వేస్తున్నాను. నాకు మలుపు కనిపించట్లేదు, నువ్వే కనిపిస్తున్నావు. దిగు."

దిగింది. కారు వెళ్లిపోయింది. మొదటి మలుపులో గోడకి మరీ దగ్గరగా పోయింది. రెండోసారి నయం. తర్వాత మలుపు తిరిగినట్టే తెలియలేదు. మేడం కదలకుండా ఒకేచోట నిలబడి చూసింది. సంతోషంతోనేనని ఆవిడే తర్వాత భర్తతో అంది, భయం కూడా ఉందని ఒప్పుకుంది.

చీకటి పడబోతోంది. ఇక చాలు, వచ్చేయమని ఆవిడ చెయ్యి ఊపింది. చెల్లెలు చూసింది. కిటికీలోంచి తనూ చెయ్యి ఊపి, నవ్వి, ఆగకుండా ఇంకో చుట్టు వేసుకోవడానికి వెళ్లిపోయింది.