సున్నం కింద బొమ్మ

మా మేనత్త గోడ మీద గీసిన బొమ్మకు ముందు సున్నం కొట్టారు. ఆ తర్వాత తప్పంతా ఆమెదేనని పనిలోంచి గెంటేశారు.

ఆమె బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో వైర్లు వేసేది. మామయ్య దగ్గర పని నేర్చుకుంది. ఆయన పోయాక స్క్రూడ్రైవరు తనే పట్టింది. నోటి దురుసు మనిషి. "నన్ను ముట్టుకోవాలంటే కరెంటే ఆలోచించుకుంటుంది" అనేది. ఎక్కడ పనిచేసినా, వైరు ముట్టుకోకముందే స్విచ్చుబోర్డు పక్కన నల్ల పెయింటుతో సర్క్యూటు గీయడం ఆమె అలవాటు. కరెంటు తెచ్చే ఫేజు వైరు నుంచి బయల్దేరిన గీత ఫ్యూజు దాటి, స్విచ్చు దాటి, బల్బులోకి పోయి, న్యూట్రల్ మీదుగా వెనక్కి వస్తుంది. బల్బంటే సున్నాలో ఇంటూ గుర్తు. స్విచ్చంటే తలుపు ఓరగా తెరిచినట్టు ఒక వాలు గీత.

"కరెంటు తిరిగి ఇల్లు చేరాల్సిందేరా" అని నాకు చెప్పేది. "దారి ఎక్కడ తెంచినా బల్బు ఆరిపోతుంది. అందుకే వెధవలు ఎక్కడపడితే అక్కడ తెంచుతారు. బల్బుకు ముందు తెంచితే హోల్డరు దాకా కరెంటే రాదు. తర్వాత తెంచావనుకో, బల్బు ఆరుతుంది గానీ కరెంటు హోల్డర్లోనే కాచుకుని కూర్చుంటుంది. నువ్వు చెయ్యి పెడితే నీలోంచి దారి చేసుకుంటుంది."

కొత్త షెడ్డులో బోర్డు పక్కనుంచే న్యూట్రల్ పోతోంది. ఫేజు మాత్రం అవతలి గోడ నుంచి లాగాలి. సూపర్‌వైజరు న్యూట్రల్‌కే స్విచ్చు పెట్టేయమన్నాడు.

"వెలుగుతుందా? ఆరుతుందా? ఇంకేం కావాలమ్మా నీకు?"

"మీ వేలు కావాలి. ఆ హోల్డర్లో పెట్టండి, చూద్దాం."

అత్త ససేమిరా అంది. మర్నాడు ఆమెను పాత షెడ్డుకు పంపి, ఇంకెవరిచేతో తన ఇష్టప్రకారం వైర్లు కలిపించాడు. బొమ్మ మీద సున్నం కొట్టించాడు. అత్త తిరిగొచ్చి ఆ సున్నం చూసి షెడ్డు ఎగిరిపోయేలా అరిచింది గానీ, బోర్డు విప్పి చూడలేదు. ఆమె పొరపాటు అదొక్కటే.

బొత్తాలు కుట్టే ఆవిడ అత్తకు ప్రాణస్నేహితురాలు. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. ఒకనాడు బల్బు పగిలితే ఆవిడ స్విచ్చు ఆపి, ఇనప బల్ల ఎక్కి, విరిగిన ముక్క తీయబోయింది. షాక్ కొట్టి కింద పడింది. కుడిచేతి వేళ్లు ఇప్పటికీ మడత పడవు. బొత్తం ఎలా కుడుతుంది?

"ఆడమనిషికి వైర్లిస్తే ఇంతే" అన్నాడు సూపర్‌వైజరు. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. వైర్లు కలిపినవాడు నోరు విప్పలేదు. సున్నం కొట్టినవాడూ విప్పలేదు. షెడ్డు నిండా మనుషులే, ఒక్కడికీ నాలుక లేదు.

అత్త ఆస్పత్రికి పరిగెత్తింది.

"స్విచ్చు ఆపే ఎక్కాను వదినా. నీ వైర్లేగా అని నమ్మి ఎక్కాను" అని ఆవిడ మొహం తిప్పుకుంది.

ఆ మాటతోనే అత్తకు జరిగిందంతా అర్థమైంది. "నేను గీసింది అది కాదు" అని ఎంత మొత్తుకున్నా, చూపించడానికి తెల్లగోడ తప్ప ఏముంది? ఉద్యోగం పోయినందుకు ఆమె ఏడవలేదు. వదిన తలుపు తీయనందుకు ఏడ్చింది.

మొన్న అదే షెడ్డులో ఇంకొకామెకు హోల్డరు తగిలి చెయ్యి జివ్వుమంది. అప్పుడు గుర్తొచ్చింది సూపర్‌వైజరుకు మా అత్త ఇల్లు. సెలవు రోజున, ఎవరూ లేనప్పుడు వచ్చి సరిచేసి పొమ్మని బతిమాలి వెళ్లాడు. ఆయన గడప దాటగానే నేను అత్త మీద విరుచుకుపడ్డాను.

"సిగ్గులేదా నీకు? వస్తానని ఎందుకన్నావు? కాలిపోనీ ఆ షెడ్డు!"

అత్త టెస్టరు కొంగుకు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"ఆ బల్బుల కింద కూర్చునేది వాడు కాదురా. అందుకని వస్తానన్నాను. కానీ సెలవు రోజు రానన్నాను. అందరూ ఉండాలి, మా వదినా ఉండాలి. మెయిన్ నేను ఆపుతాను. ముందు ఆ సున్నం మాత్రం వాడే గీకాలి."