దేవుడు మూసిన నోరు, రాజన్న కట్టిన గోడ

సహోదరులారా, సహోదరీలారా, ఇప్పుడు మీరు వింటున్న ఈ బొంగురు గొంతే నా సాక్ష్యం, ఒకప్పుడు ఈ గొంతు వింటే మనుషులు పని మానేసి పారిపోయేవారు!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సౌదీలో, హాయిల్ ఊరవతల ఒక తోటలో తేనెటీగల పెట్టెలు చూసుకునేవాణ్ణి, పని బాగా వచ్చు, కోపం అంతకంటే బాగా వచ్చు. కొత్తవాళ్ళకు మొదటి వేసవి గట్టెక్కేదాకా నేర్పడం నా బాధ్యత, కానీ నేను నేర్పింది తక్కువ, తిట్టింది ఎక్కువ, నాకు భయపడి వాళ్ళు ఈగలు చస్తున్న సంగతి దాచిపెట్టేవారు, నేను చూసేసరికి పెట్టెలు ఖాళీ! వరసగా రెండేళ్ళు ఇదే తంతు. మమ్మల్ని పనికి తెచ్చుకున్న కఫీల్‌కు విసుగొచ్చి, ఈసారి పెట్టెలు పోతే కొత్తవాడికీ నీకూ ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తానన్నాడు.

ఆ ఏడు వచ్చినవాడు జగిత్యాల రాజన్న, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, తాపీ పని చేసి చేసి చేతులు కాయలు కాసినవాడు. పన్నెండు పెట్టెలు అప్పగించాను. ఈగలెలా ఉన్నాయోనన్న ఆత్రం కొద్దీ మిట్టమధ్యాహ్నం మూత తీశాడు, ఆ ఎండకు లోపలి మైనం కరిగితే ఈగలు అందులోనే అంటుకుని చస్తాయి, నేను పరుగెత్తుకెళ్ళి తెరిచిన పెట్టె మీదికే వంగి నోరంతా తెరిచి అరిచాను, ఏం చెప్పమంటారు, ఆ నోట్లోకే ఒక తేనెటీగ దూరి గొంతులో కుట్టింది!

గొంతు వాచి ఊపిరాడక గిలగిలలాడుతుంటే, నా తిట్లు తిన్న ఆ మనిషే నన్ను భుజాన వేసుకుని పికప్‌లో ఆస్పత్రికి చేర్చాడు. గొట్టం వేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. గదికొచ్చి మోకరించి మనసులోనే ఏడ్చాను: "ప్రభువా, ఆనాడు జెకర్యా నోరు మూసినవాడివి, నా నోరూ నువ్వే మూశావు. మాట ఇచ్చినా ఇవ్వకపోయినా నీ చిత్తం, నా పాపానికి రాజన్నను మాత్రం వట్టి చేతులతో ఇంటికి పంపకు తండ్రీ!"

మర్నాటి నుంచి చేతులతో నేర్పాను. పొద్దున్నే చల్లటి వేళ అతని చెయ్యి పట్టుకుని పెట్టెకు ఆనించి లోపలి వేడి చూపించాను, చెవి పెట్టించి ఈగల రొద వినిపించాను, నీళ్ళు తాగే ఈగలు మునిగిపోకుండా పళ్ళెంలో గులకరాళ్ళు పేర్చాను. నేను మాట్లాడకపోయేసరికి రాజన్న నోరు విప్పాడు.

"వచ్చిన వారంలనే చెప్దామనుకున్న తమ్మీ, నువ్వు ఒర్రుతవని ఊకున్న. వడగాలి దిక్కు మట్టిగోడ కడితె ఈగలకు సల్లగుంటది."

నా అరుపులకు జడిసి ఆ మాట దాచుకున్నాడట! అన్నేళ్ళూ తడి గోనెపట్టాలు కప్పడమే నాకు తెలిసిన విద్య, గోడ మాట నా బుర్రకు తట్టనే లేదు! నాలుగు రోజుల్లో కట్టేశాడు, ఎంత అందమైన గోడ, ఆ వేసవంతా వడగాలి దానికి కొట్టుకుని పక్కకు పోయింది.

రేగు పూత మొదలయ్యాక కఫీల్ వచ్చి పెట్టెలన్నీ తెరిపించాడు. పన్నెండుకు పన్నెండూ నిండుగా ఉన్నాయి! ఇది ఎవరి పని అని అడిగాడు. పాత మనిషినైతే రొమ్ము చరుచుకుని నేనేననేవాణ్ణి. నోరు తెరిచాను, మూడు నెలలుగా గాలి తప్ప ఏమీ రాని గొంతులోంచి మాట వచ్చింది: "రాజన్న!" మొదటి మాట అదే, దేవునికే మహిమ! నా జీవితంలో అంతగా ఎన్నడూ గర్వపడలేదు, అది నా మీది గర్వం కాదు గనుక ప్రభువు క్షమిస్తాడు.

ప్రియులారా, మీలో ఏ కోపం ఉన్నా, ఏ బంధకం ఉన్నా ఆయన చేతిలో పెట్టండి, ఆయన మూసినా మేలుకే, తెరిచినా మేలుకే! నేను ఇంటికి వచ్చేశాక ఆ తోటలో నా పని రాజన్నకే ఇచ్చారు, మొన్న ఫోన్ కార్డు గీకి మాట్లాడాడు. "కొత్తోళ్ళు నలుగురొచ్చిండ్రు తమ్మీ. నేనైతె ఒర్రుతలేను."