రికార్డులో సవతి

మా వీధిలో పళ్ళసెట్లు కట్టే ఆయనకి ఇద్దరు భార్యలు. ఒకావిడ వంటింట్లో ఉండేది, రెండో ఆవిడ గ్రామఫోను పెట్టెలో ఉండేది.

పోలీసులకి కబురు పెట్టే ముందు ఒక్కమాట. పెళ్ళి జరిగింది ఒక్కటే. రెండో ఆవిడ పాత జాజ్ రికార్డులో వినిపించే ఒక పేరు, అంతే. అయితే మొదటావిడ ఆ పేరుని ‘మా సవతి’ అనే పిలిచేది కాబట్టి, ఇద్దరన్న మాటలో సగమైనా నిజముంది.

ఆయన్ని అందరూ పళ్ళాయన అనేవారు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. గోడ పొడవునా అల్మరాలో ప్లాస్టరు దవడలు వరసగా కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ చూసి ఇకిలించేవి. స్పిరిట్ దీపం మీద గులాబీరంగు మైనం కరిగిస్తూ, ఊడిన పళ్ళ సందులు నింపుతూ ఆయన పొద్దంతా గడిపేవాడు. మూల బల్ల మీద, దుమ్ము పడకుండా తువ్వాలు కప్పిన గ్రామఫోను ఉండేది. ఆ తువ్వాలుని మడిచినంత శ్రద్ధగా ఆయన తన చొక్కా ఏనాడూ మడవలేదని భార్య ఫిర్యాదు.

ఆదివారం సాయంత్రాలు ఇస్త్రీషాపు మేడమీద గదిలో జాజ్ పిచ్చివాళ్ళు చేరేవారు. మామూలు మనుషులు పాట వింటారు. వీళ్ళు పాట వెనకాల కుర్చీ కిర్రుమంటే, ఆ కుర్చీ ఏ స్టూడియోదో, అందులో కూర్చున్నది ఎవరో, ఆ రోజు ఆయనకి నడుంనొప్పి ఎందుకొచ్చిందో కూడా వెతుకుతారు. ఏ బాణీ ఎవరు కట్టారు, ఏ రికార్డులో ఎవరు వాయించారు అన్నదాని మీద వాళ్ళు పెట్టుకున్న తగవులు ఆస్తి తగాదాల్లో కూడా ఉండవని, రిటైరైన జడ్జిగారే అనేవారు. ఆ తగవుల్లో సగం ఆయనవే.

పళ్ళాయన ప్రాణం పెట్టుకున్నది ఒకే ఒక్క రికార్డు మీద. లేబుల్ మీద బ్యాండు పేరుంది గాని వాయించినవాళ్ళ పేర్లు లేవు. పాట నడుమ ట్రంపెట్ ఆగి పియానో మొదలవుతుంది. గరగరల మధ్య ఒక మగగొంతు మెల్లగా రెండుసార్లు అంటుంది: “కానీ... కానీ...”

ఇంగ్లీషులో కానీ అంటే ఆడపిల్లల ముద్దుపేరు. పాట ఇంగ్లీషు, లేబుల్ ఇంగ్లీషు, వినేవాళ్ళు ఇంగ్లీషు బళ్ళలో చదువుకున్నవాళ్ళు. కాబట్టి పియానో వాయించింది కానీ అనే యువతి అని పళ్ళాయన తేల్చేశాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ బాణీలో ఒక స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా పియానో ఒక్క క్షణం ఆగిపోతుంది. అక్కడ చిన్న ఖాళీ, మళ్ళీ నడక. ఆ ఖాళీ ఆమె గుండెలోని గాయమని, ప్రేమించినవాడు ఆమెని వదిలి వెళ్ళిపోయి ఉంటాడని ఆయన వ్యాసం రాశాడు. అభిమానుల పత్రిక దాన్ని అచ్చేస్తానంది. అచ్చుకి వెళ్ళే ముందు, వచ్చే ఆదివారం మేడమీద గదిలో చదివి వినిపించాలి.

“అది మగచెయ్యి,” అనేవారు జడ్జిగారు ప్రతి ఆదివారం.

“మీకు చెవులు రిటైరయ్యాయి,” అనేవాడు పళ్ళాయన.

ఇంట్లో గొడవ వేరు. “ఏమండీ, ఆ చిల్లికానీ దగ్గర్నించి లేచి రండి, అన్నం చల్లారిపోతోంది,” అనేది భార్య. “ఆవిడ వేళ్ళు సన్నగా ఉంటాయని రాశారుగా. నా వేళ్ళెలా ఉంటాయో చెప్పండి చూద్దాం, ఇటు చూడకుండా.” పళ్ళాయన లేచి చేతులు కడుక్కోడానికి పోయేవాడు.

వెనకగదిలో ఆవిడ తండ్రి ఉండేవాడు. కాళ్ళు ఆడినంతకాలం ఇల్లిల్లూ, హోటలు హోటలూ తిరిగి పియానోలు శ్రుతి చేసిన మనిషి. పని మానేసినా చెవి మీద పెన్సిలు మానలేదు. గిన్నె మోత కాస్త అపశ్రుతిగా వినిపించినా నాలుకతో ‘చ్’ అనేవాడు. అంతకుమించి నోరు మెదిపే రకం కాదు. ముందుగదిలో ఆ రికార్డు మొదలైతే చాలు, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. చప్పుడు పడదు కాబోలనుకునేవారు ఇంట్లోవాళ్ళు.

ఒక్కసారి మాత్రం ఆయన నోరు విప్పాడు. కూతురి పెళ్ళిలో, కొత్తల్లుడికి జాజ్ అంటే ఇష్టమని తెలిసి మురిసిపోయి, “నేనూ ఓసారి రికార్డులో వాయించాను బాబూ,” అన్నాడు. కొత్తల్లుడు పదిమందిలో పకపకా నవ్వి, “వాయించారా మామయ్యగారూ, తుడిచొచ్చారా?” అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారానికి ఇంకా కొన్ని రోజులుందనగా, పక్క ఊరినుంచి ఒక తాతగారు పళ్ళసెట్టుకి వచ్చాడు. చంకలో ట్రంపెట్ పెట్టె.

“తినడానికైతే చిగుళ్ళు చాలు నాయనా,” అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. “ఊదడానికే పళ్ళు కావాలి. ముందు రెండూ గట్టిగా కట్టు. పెదవి ఆనాలి.”

ట్రంపెట్ పెట్టెని చూసి పళ్ళాయనకి హుషారొచ్చింది. తాతగారి నోట్లో దవడ అచ్చు తీసే ముద్ద పెట్టి, అది గట్టిపడేలోగా తువ్వాలు తీసి తన రికార్డు వేశాడు. ట్రంపెట్ మొదలవగానే తాతగారి కళ్ళు పెద్దవయ్యాయి. వేళ్ళు కుర్చీ చెయ్యి మీద మీటలు నొక్కడం మొదలుపెట్టాయి, ఒక్కటీ తప్పకుండా.

“మీరేనా?” అన్నాడు పళ్ళాయన.

“ఊఁ.”

“అయితే కానీ ఎవరు? ఎక్కడుంది? బతికే ఉందా? ఆమెని వదిలి వెళ్ళినవాడెవడు?”

“ఊఁ? ఊఁహూఁ!” తాతగారు తల అడ్డంగా ఊపబోతే అచ్చు పాడవుతుందని పళ్ళాయనే ఆ తలని గట్టిగా పట్టుకున్నాడు. అన్నేళ్ళ ప్రశ్నకి జవాబు తెలిసిన ఒకే ఒక్క నోటిని ఆయన స్వయంగా తన చేతులతో మూసి కూర్చున్నాడు.

చివరికి ముద్ద బయటికొచ్చింది.

“కానీ ఎవరేంటయ్యా? కానీ అన్నది నేనే! పియానో వాయించేవాడు ఆవేళ రాలేదు. దాన్ని బాగుచెయ్యడానికొచ్చినాయన్ని బతిమాలి కూర్చోబెట్టాం. పాపం బెరుగ్గా చేతులు వెనక్కి తీస్తుంటే, కానీ కానీ, ఆగకు అన్నాను. ఆ మాత్రం తెలుగు అర్థం కాలేదా నీకు?”

“మరి... ఆ ఖాళీ?”

“పియానోలో ఒక మెట్టు మోగదు, దాన్ని దాటుకుంటూ వాయిస్తా అన్నాడు. పేరు గుర్తులేదు. చెవి మీద పెన్సిలుండేది. మా బ్యాండువాడొకడు ఒక స్వరం తప్పితే ఆయన ‘చ్’ అన్నాడు. అంత బెరుకులోనూ!”

పళ్ళాయన చేతిలో అచ్చు అలాగే ఉండిపోయింది. ఆ పెన్సిలు ఆయనకి ఆ పొద్దున్నే కనిపించింది. మామగారి టీ గ్లాసు పక్కన.

తాతగారు వెళ్ళిపోయాక ఆయన చాలాసేపు వ్యాసం ముందేసుకుని కూర్చున్నాడు. నోరు మూసుకుంటే చాలు. తాతగారు మళ్ళీ వచ్చేది పళ్ళసెట్టుకే గాని మేడమీద గదికి కాదు. వ్యాసం అచ్చవుతుంది, పేరొస్తుంది. నోరు విప్పితే కానీ పోతుంది, వ్యాసం పోతుంది, పైగా జడ్జిగారి చేత మగచెయ్యి అని జన్మంతా అనిపించుకోవాలి. అన్నిటికంటే ఆయనకి గుచ్చుకున్నది మరొకటి. సందులు నింపడమే తన వృత్తి. పన్ను ఊడిన సందులాంటి ఖాళీని పట్టుకుని భగ్నప్రేమ అని రాశాడు.

లేచి వెనకగదికి వెళ్ళాడు.

“మామయ్యగారూ, ఆ పియానోలో మోగని మెట్టు...”

పెద్దాయన పేపరు దించలేదు. “లోపలి సుత్తి విరిగింది. అతికిద్దామని ఊడదీశాను. వాయించినంతసేపూ నా జేబులోనే ఉంది.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“చెప్పాను బాబూ. నువ్వు నవ్వావు.”

పళ్ళాయన తల దించుకున్నాడు. “ఆ రికార్డు వేస్తే తలుపు వేసుకునేవారు, వినడానికి ఇష్టంలేకేనా?”

“నా మొహం ఎవరైనా చూస్తారని.” పేపరు మెల్లగా దిగింది. “ఈ చేతుల్ని నువ్వు పొగిడినట్టు ఇంకెవరూ పొగడలేదు. తలుపు వెనక కూర్చుని వినేవాణ్ణి. పేరుదేముంది, కానీ అనుకున్నాను.”

గుమ్మంలో గరిటెతో నిలబడ్డ కూతురికి అప్పటికి సంగతి తలకెక్కింది. “ఆగండాగండి. అయితే ఇన్నాళ్ళూ నేను సవతీ సవతీ అని దుమ్మెత్తిపోసింది మా నాన్ననా?” అని, తిట్టాలో ఏడవాలో తెలియక, నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది.

“ఆదివారం నీ ఇష్టం,” అన్నాడు పెద్దాయన అల్లుడితో. “నాకోసం నీ పరువు తీసుకోకు.”

ఆదివారం పళ్ళాయన మామగారి చెయ్యి పట్టుకుని ఇస్త్రీషాపు మెట్లెక్కాడు. వ్యాసం తెరిచి, పేరు చదివి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“కానీ లేదు,” అన్నాడు.

“లేదంటే?” అన్నారు జడ్జిగారు.

“అది పేరు కాదు. ఇంట్లో రోజూ అనుకునే మాటే. కానీ, ఆగకు అని.”

గదిలోవాళ్ళు ఒక్కొక్కరే ఆ మాటని నాలుక మీద వేసుకుని చూసుకున్నారు. కానీ... కానీ... మందులషాపాయన నుదురు కొట్టుకున్నాడు.

“వాయించింది మగచెయ్యే. జడ్జిగారు గెలిచారు. ఆ చెయ్యి మా మామగారిది. ఈ సంగతి ఆయన నాకు పెళ్ళిలోనే చెప్పారు. పదిమందిలో నవ్వాను. అందుకే పదిమందిలో చెబుతున్నాను.”

గెలిచిన ఆనందంలో జడ్జిగారు లేవబోయారు గాని, పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. “సాక్ష్యం?” అన్నారు పెద్దాయన వైపు తిరిగి.

పెద్దాయన చెవి మీద పెన్సిలు సర్దుకున్నాడు. “మా అల్లుడు నవ్వడం లేదు కదండీ. అది చాలదూ?”

జడ్జిగారు లేచారు. గ్రామఫోను పక్కన ఎవరినీ కూర్చోనివ్వని తన మెత్తకుర్చీ ఖాళీ చేసి ఇచ్చారు. రికార్డు తిరిగింది. ఆ ఖాళీ దగ్గరికి రాగానే అలవాటుకొద్దీ అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో మెత్తకుర్చీలోంచి స్పష్టంగా వినిపించింది: “చ్.”

ఇదంతా రాశాక, నేను వదులైన నా పై సెట్టు బాగుచేయించుకునే నెపంతో పళ్ళాయన కుర్చీలో కూర్చుని చదివి వినిపిస్తే, ఆయన మైనం కరిగిస్తూ ఆసాంతం విన్నాడు.

“అంతా అబద్ధం,” అన్నాడు. “నాకున్నది ఒక్క భార్య. మా మామగారు పియానో మీద చెయ్యైనా వెయ్యలేదు. జడ్జిగారు నా దగ్గర జన్మలో గెలవలేదు. అసలు జాజ్ అంటే ఏంటో నాకు తెలీదు. ఇంక మాట్లాడకుండా నోరు తెరవండి.”