స్టీలు డబ్బాకు పోయిన అమ్మ బొంత

మేము చిన్నగున్నప్పుడు... చిక్కడపల్లి గల్లీల మధ్యాహ్నం అంట్లపని ఒడిసిందంటే చాలు, మా అమ్మ వరండాల చాప పరిచి బొంత ముందటేసుకొని కూసునేది. చుట్టూ పాత చీరల ముక్కలు, నోట్ల దారం పోగు... మేము బడి నుంచి వచ్చి పిలిచినా ఆమెకు వినపడకపోయేది.

అందరిండ్లల్ల బొంతంటే పాత చీరలు నాలుగు పొరలేసి టకటక కుట్టుడే. మా అమ్మ బొంత మీద మాత్రం గుట్టలుండేవి, చెరువుండేది, పొద్దుగూకేటప్పటి ఆకాశముండేది. నా చినిగిన లంగాతోని వరిమడి, నాన్న పాత ప్యాంటుతోని రాళ్ళగుట్ట... ఎవలు నేర్పలేదు. ఆమెకున్న సరదా అదొక్కటే.

మా నాయనమ్మకు అది చూస్తే మండేది. "కప్పుకునే బొంతకు గుట్టలెందుకే, చెట్లెందుకే? కండ్లు పోతయి!" అని రోజూ సణుగుడే. అమ్మ తల వంచుకొని కుట్టుకునేది. నాకే నాయనమ్మ మీద మస్తు కోపమొచ్చేది.

ఆ యేడు అమ్మ ఓ పెద్ద బొంత మొదలువెట్టింది. అందుల ఆకాశం మొత్తం మా అమ్మమ్మ చీర. అమ్మమ్మ పోయినంక అమ్మ తెచ్చుకున్నది ఆ ఒక్క కుంకుమరంగు చీరనే. ఎనిమిది నెలలు కుట్టింది... ఇంక కొంచమే మిగిలింది. దుమ్ము పడకుండ పాత ధోతిల మూటగట్టి తలుపు వెనక పెట్టేది.

ఆ తలుపు వెనకనే స్టీలు సామాన్లామెకు ఇచ్చే పాతబట్టల మూట గూడ ఉండేది. అర్థమైంది కదా, ఏం జరిగిందో...

యాదికున్నరా మీకు? నెత్తిమీద గంపల గిన్నెలు పెట్టుకొని "పాతబట్టలకు స్టీలు సామాన్లే..." అనుకుంట గల్లీ గల్లీ తిరిగేటోళ్ళు! ఓ శనివారం ఆమె వచ్చింది. అమ్మ కూరగాయలకని నారాయణగూడ మార్కెట్‌కు పోయింది, నాయనమ్మ పండుకున్నది. నా కన్ను పోయి పోయి గంపలున్న గుండ్రటి టిఫిన్ డబ్బా మీద పడ్డది. మా క్లాసుల అందరికి అసొంటిదే ఉండె, నాకు తప్ప. ఇగ ఆగుతనా? తలుపు వెనక మూట గుంజుకొచ్చి చేతుల పెట్టిన. తుంపర వడుతుండె... ఆమె గూడ ఇప్పి చూడకుండనే గోనెసంచిల కుక్కుకొని పోయింది.

అమ్మ రాంగనే డబ్బా చూపించిన, శాబాష్ అంటదని. అమ్మ ఎందుకో తలుపు వెనక చూసింది. పాతబట్టల మూట అట్లనే ఉన్నది.

నన్ను కొట్టలే. ఒక్క మాట తిట్టలే. గడప మీద కూలబడి "మా అమ్మ చీరనే..." అన్నది, గంతే. కొట్టినా బాగుండు అనిపించింది, నిజంగ.

అప్పుడు లేచింది చూడున్రి మా నాయనమ్మ! కొంగు నడుముకు చెక్కి, "ఏడుస్తె వస్తదా? లే, నడు!" అని నా రెక్క వట్టి గల్లీలకు గుంజుకపోయింది. చెప్పులు గూడ ఏస్కోలే. అమ్మ కండ్లు తుడుచుకుంట మా వెనక...

కనపడ్డోళ్ళనల్ల ఆపుడే. కిరాణా సేటును, ఇస్త్రీ అన్నను, అశోక్ నగర్ల చాయ్ బండి కాడ పుస్తకాలు పట్టుకొని నిలవడ్డ హాస్టల్ పిల్లగాండ్లను... "బిడ్డా, స్టీలు గంపామె ఇటు వొయ్యిందా? మా కోడలు బొంత వొయ్యింది. ఎర్రటి ఆకాశముంటది, కింద చెరువు. చెరువుల మూడు కొంగలు, ఒక కొంగకు కాలు ఇంక కుట్టనే లేదు. ఎడమదిక్కు గుట్ట మీద ఈతచెట్టు... దాని మట్టలకు ఎంత సన్నటి కుట్టు అనుకున్నవ్!"

నేను నోరు తెరుచుకొని చూస్తున్న. ఆ కాలులేని కొంగ సంగతి నాకే ఎర్కలేదు. రోజూ సణిగే మనిషి ఇదంత ఎప్పుడు చూసింది?

ఒకన్న చాయ్ గ్లాసు పక్కకు పెట్టి, "లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు పోయింది అవ్వా, ఇప్పుడే" అన్నడు.

రోడ్డు పక్క ఇంటి ముందట ఆమె దొరికింది. బట్టలన్ని కుప్పవోసి ఏరుతున్నది. మా బొంతను మాత్రం మంచిగ మడతపెట్టి గంపల పెట్టింది. మమ్ముల చూడంగనే నవ్వింది. "ఇంత పని జేసినోళ్ళు ఊకె ఇస్తరా అమ్మా? మూట ఇప్పంగనే సమజైంది, పోరి ఆగం జేసిందని. మీరు రాకుంటె పొద్దుగాల నేనే తెద్దు" అన్నది.

హమ్మయ్య!! ఇప్పుడు రాస్తుంటే గూడ పానం లేచొచ్చినట్టున్నది... అమ్మ బొంతను ఒళ్ళె పెట్టుకొని అక్కడ్నే కూసున్నది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు, ఆగనే లేదు. నాయనమ్మ గంపామె రెండు చేతులు పట్టుకొని "నీ కడుపు సల్లగుండ" అన్నది. నేను డబ్బా వాపస్ ఇయ్యబోతే ఆమె తీస్కోలే. "ఉంచుకో బిడ్డా, అసలు మూట రేపొచ్చి తీస్కపోత" అన్నది.

వాపస్ వచ్చేటప్పుడు నాయనమ్మ ముందట నడుస్తున్నది. అమ్మ మెల్లగ అడిగింది... "అత్తమ్మా, కొంగలను మీరెప్పుడు చూసిన్రు?"

నాయనమ్మ వెనకకు గూడ తిరగలే. "నువ్వు వంటింట్లకు పోయినప్పుడల్ల ఇప్పి చూస్త. మస్తు కుడ్తవే... కండ్లు ఖరాబైతయని నా పరేషాన్."

అమ్మ నడి రోడ్డు మీద నిలవడిపోయింది. పెండ్లై వచ్చి అప్పటికే పదకొండేండ్లు...

ఇప్పుడు గల్లీలల్ల గంపలామెలు లేరు. పాతబట్టలు కవర్ల కుక్కి అపార్ట్‌మెంట్ కిందికి పంపిస్తం, ఏం పోయిందో గూడ చూసుకోం. దుప్పట్లు ఫోన్ల చూసి తెప్పిచ్చుకుంటం, ఎవలు కుట్టిన్రో ఎర్కుండది.

మీ ఇంట్ల గూడ ఇట్ల కుట్టేటోళ్ళో, అల్లేటోళ్ళో ఉంటే కింద రాయిన్రి, ఫొటోలుంటే పెట్టున్రి... చూడాలనున్నది. కాకపోతే మాకు చెప్పేకంటె ముందు వాళ్ళకు చెప్పున్రి, బాగుందని. మా అమ్మకు ఆ ఒక్క మాట వినాలంటే బొంత పోవాల్సొచ్చింది.